హై పవర్ కారు ఆడియోకి ఏ ఆల్టర్నేటర్? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎన్ని ఆంప్స్ ఇస్తుందో అడగండి

పోయిన ఎపిసోడ్‌లో సబ్ ఊఫర్ బాక్స్ గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆయన మాటల్లోనే చెప్తా. "అన్నా, నా కార్లో 1500 వాట్స్ మోనోబ్లాక్ పెట్టించిన. రెండు 12 ఇంచ్ సబ్‌లు. డోర్ స్పీకర్లకి ఇంకో ఫోర్ ఛానల్ ఆంప్ ఉంది. బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మినుకు మినుకుమంటున్నయ్. షాపాయనేమో కెపాసిటర్ పెట్టుకో అంటుండు. మా ఫ్రెండేమో 200 ఆంప్స్ డైనమో దొరుకుతది, రీవైండింగ్ చేసింది, సగం రేటుకే ఇప్పిస్తా అంటుండు. ఏది చేయాలె?"

తమ్ముడూ, ఆ చివరి మాట వినగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే నాలుగేళ్ల కిందట నేను అచ్చంగా అదే పని చేశాను. అందుకే ఈరోజు ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందు ఒక మాట క్లియర్ చేసుకుందాం. మన సెల్ఫ్-డైనమో షాపుల్లో డైనమో అని పిలిచేది ఆల్టర్నేటర్‌నే. అసలు డైనమో అంటే పాతకాలం కార్లలో ఉండే వేరే వస్తువు. పేరుతో మనకి గొడవ లేదు. నేను రెండు మాటలూ వాడతాను, రెండూ ఒకటే అనుకోండి.

సరే, నా కథ. అప్పుడు నా దగ్గర ఒక పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది. ఇలాగే పెద్ద మోనోబ్లాక్ పెట్టాను, ఇలాగే లైట్లు డిమ్ అయ్యేవి. ఒక షాపులో 180 ఆంప్స్ అని స్టిక్కర్ వేసిన ఆల్టర్నేటర్ ఇచ్చారు. పాత బాడీలోనే కాయిల్ మార్చి కట్టింది. షాపు పేరు అడగొద్దు, చెప్పను. బిగించిన రోజు రింగ్ రోడ్డు మీద పాటలు పెడితే బ్రహ్మాండంగా ఉంది. లైట్లు కదల్లేదు. నేను ఫుల్ హ్యాపీ.

రెండు నెలల తర్వాత మా పెద్దమ్మ కొడుకు పెళ్లికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం. నాన్న ముందు సీట్లో, అమ్మ వెనకాల. సిటీ దాటేసరికే రాత్రి తొమ్మిది. నార్కట్‌పల్లి దాటాక మీటర్‌లో ఎర్ర బ్యాటరీ గుర్తు ఒకసారి వెలిగి ఆరింది. కొత్త బ్యాటరీయే కదా అని నేను పట్టించుకోలేదు. కాసేపటికి అది వెలిగి, ఆరకుండా ఉండిపోయింది. నకిరేకల్ దాటేసరికి హెడ్‌లైట్ వెలుతురు పసుపు రంగులోకి వచ్చేసింది. నాన్న అన్నారు, "ఒరేయ్, లైట్లేంట్రా ఇలా అయిపోయాయి?" నేను ఏసీ ఆపాను, పాటలు ఆపాను. తర్వాత స్టీరింగ్ బిగుసుకుంది. అది కరెంటు మీద నడిచే స్టీరింగ్. ఇంకో కిలోమీటర్ కూడా రాలేదు, ఇంజన్ ఆగిపోయింది.

హజార్డ్ లైట్లు పది నిమిషాలు కొట్టుకుని అవి కూడా చచ్చిపోయాయి. హైవే మీద, చీకట్లో, ఒక్క లైటు లేని కారు. అమ్మని రెయిలింగ్ అవతలకి పంపించాం. నాన్న ఫోన్ టార్చ్ వేసుకుని కారుకి ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి నిలబడి చెయ్యి ఊపుతున్నారు. ఒక లారీ దగ్గరికి వచ్చేదాకా చూడలేదు. హారన్ కొట్టుకుంటూ పక్కకి కోసుకుని వెళ్లిపోయింది. ఆ గాలికి కారు ఊగింది. 1033 కి ఫోన్ చేశాను, అది నేషనల్ హైవే హెల్ప్‌లైన్ నంబర్, మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వాళ్లు వచ్చేదాకా ఉన్న నలభై నిమిషాల్లో నాన్న నాతో ఒక్క మాటే అన్నారు. "పాటలు వినడానికి పెట్టావా ఇది, మమ్మల్ని చంపడానికి పెట్టావా?"

తర్వాత దాన్ని విప్పించి చూస్తే డయోడ్ ప్లేట్ కాలిపోయి ఉంది. కాయిల్ నల్లగా మాడిపోయింది. నాకు కోపం కన్నా డౌట్ ఎక్కువైంది. డయోడ్లు మార్పించి మళ్లీ అదే కారుకి బిగించి, క్లాంప్ మీటర్ పెట్టి కొలిచాను. ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో, అన్ని లైట్లూ ఏసీ ఆన్ చేసి కొలిస్తే, ఆ 180 ఆంప్స్ స్టిక్కర్ ఉన్న ఆల్టర్నేటర్ ఇచ్చింది 38 ఆంప్స్. పక్కన పడేసిన కంపెనీ ఆల్టర్నేటర్ బిగించి అలాగే కొలిచాను. 50 ఇచ్చింది!

అంటే డబ్బులు పెట్టి, ఉన్నదానికన్నా తక్కువ ఇచ్చేదాన్ని కొన్నాను. ఇది ఎలా జరుగుతుందో అర్థమైతే మీరు మోసపోరు. అందుకే కొంచెం ఓపికగా వినండి.

మీ ఇంట్లో బోరు మోటారు ఉంటుంది, మేడ మీద ట్యాంకు ఉంటుంది. ఆల్టర్నేటర్ బోరు మోటారు. బ్యాటరీ ట్యాంకు. ఇంట్లో చుట్టాలు వచ్చి నాలుగు పంపులూ ఒకేసారి తిప్పినా కాసేపు నీళ్లు వస్తాయి, ఎందుకంటే ట్యాంకు ఉంది. కానీ మోటారు ఎక్కించేదానికన్నా వాడకం ఎక్కువగా ఉంటే ఏదో ఒక టైమ్‌కి ట్యాంకు ఖాళీ అవ్వాల్సిందే. ఇంకో పెద్ద ట్యాంకు పెడితే ఇంకో గంట ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అంతే. నీళ్లు పుట్టవు.

మరి షాపాయన చెప్పిన కెపాసిటర్? ఆ లెక్కలో అది చెంబు. చెంబు అని ఊరికే అనట్లేదు, లెక్క చూడండి. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్ట్స్ నుంచి 12 వోల్ట్స్‌కి పడేలోపు ఇచ్చే ఎనర్జీ 26 జౌల్స్. మీ 1500 వాట్స్ ఆంప్ ఫుల్‌గా లాగితే అది సెకనులో 70వ వంతులో అయిపోతుంది. ఒక్క కిక్ డ్రమ్ దెబ్బకి కూడా సరిపోదు. పైగా ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపాల్సింది ఆ ఆల్టర్నేటరే. బాక్స్ మీద వోల్ట్ మీటర్ నీలం రంగులో వెలుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ లైటు కోసం కావాలంటే కొనుక్కోండి.

ఇప్పుడు మన తమ్ముడి కారు లెక్క వేద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. మోనోబ్లాక్ 1500 వాట్స్ ఆర్‌ఎంఎస్, క్లాస్ డి. క్లాస్ డి ఆంప్ సుమారు 80 శాతం ఎఫిషియెన్సీ ఇస్తుంది అనుకుందాం. అంటే 1500 బయటికి ఇవ్వాలంటే లోపలికి 1875 వాట్స్ తీసుకుంటుంది. దాన్ని 13.8 వోల్ట్స్‌తో భాగిస్తే దాదాపు 136 ఆంప్స్. డోర్ స్పీకర్ల ఆంప్ ఛానల్‌కి 75 చొప్పున 300 వాట్స్, అది క్లాస్ ఏబీ. అవి కరెంటు ఎక్కువ తింటాయి, 55 శాతం వేసుకోండి. ఇంకో 40 ఆంప్స్. మొత్తం 176.

కంగారు పడకండి. 176 అనేది మీరు పాటకి బదులు ఒకే టోన్ పెట్టి ఆపకుండా వాయిస్తే. పాటలో ఖాళీలు ఉంటాయి. గట్టిగా వాయించినా మామూలు పాటకి సగటు వాడకం మూడో వంతు దగ్గర ఉంటుంది, అంటే 60 ఆంప్స్. తీన్మార్ మిక్స్‌లు, లాగి లాగి కొట్టే బేస్ వినేవాళ్లయితే సగం వేసుకోండి, 88. దీనికి కారు సొంత ఖర్చు కలపాలి. రాత్రి, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోవర్, ముందు రేడియేటర్ ఫ్యాన్, వైపర్లు, ఈసీయూ, ఫ్యూయల్ సిస్టమ్, అన్నీ కలిపి నేను 45 నుంచి 50 ఆంప్స్ వేసుకుంటాను. మొత్తం సగటు 110 నుంచి 140. మీ కారుకి కంపెనీ ఇచ్చింది 90 ఆంప్స్ అనుకుందాం. అర్థమైంది కదా ఎందుకు మినుకుమంటున్నాయో? ఆదాయం 90, ఖర్చు 140. మధ్యలో తేడా బ్యాటరీ నుంచి అప్పు.

అయితే ఇక్కడ అసలు విషయం ఏంటంటే, ఆదాయం 90 కూడా కాదు. స్టిక్కర్ మీద ఉన్న నంబర్ ఎప్పుడు వస్తుంది? ఆల్టర్నేటర్లని కొలవడానికి ఐఎస్ఓ 8854 అని ఒక స్టాండర్డ్ ఉంది. దాని ప్రకారం రేటెడ్ కరెంటు అంటే, ఆల్టర్నేటర్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు, గది ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చేది. గుర్తుంచుకోండి, 6000 అనేది ఇంజన్ ఆర్‌పీఎం కాదు, ఆల్టర్నేటర్‌ది. ఇంజన్ పుల్లీ పెద్దది, ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ఇది రెండున్నర నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. 2.7 అనుకుందాం. హైవే మీద ఇంజన్ 2000 దగ్గర ఉంటే ఆల్టర్నేటర్ 5400. బాగుంది, స్టిక్కర్ నంబర్‌కి దగ్గరలో ఉన్నాం. అదే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇంజన్ 800 మీద ఉంటే ఆల్టర్నేటర్ తిరిగేది 2160 మాత్రమే. అక్కడ చాలా ఆల్టర్నేటర్లు స్టిక్కర్‌లో సగం చుట్టుపక్కలే ఇస్తాయి. కొన్ని సగం కూడా ఇవ్వవు.

పైగా వేడి. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. మే నెలలో విజయవాడలో బానెట్ కింద ఎంత ఉంటుందో చేయి పెట్టి చూసినవాళ్లకి తెలుసు. కారు ఆగి ఉంటే గాలి కూడా ఆడదు. అంటే మన వాళ్లు ఎక్కువ సేపు ఉండే చోటు, ట్రాఫిక్‌లో, ఏసీ ఆన్‌లో, పాటలు గట్టిగా పెట్టుకుని ఉండేది, ఆల్టర్నేటర్‌కి అన్నిటికన్నా కష్టమైన చోటు.

ఇప్పుడు నా 180 ఆంప్స్ రహస్యం విప్పుతా. ఆల్టర్నేటర్ లోపల బయటి వైపు కదలకుండా ఉండే కాయిల్‌ని స్టేటర్ అంటారు. రీవైండింగ్ చేసేవాళ్లు ఏం చేస్తారంటే, చుట్లు తగ్గించి, వైరు లావు పెంచుతారు. లావు వైరు కాబట్టి స్పీడ్‌లో తిరిగేటప్పుడు ఎక్కువ ఆంప్స్ వస్తాయి. అబద్ధం కాదు, నిజంగానే వస్తాయి. కానీ చుట్లు తగ్గాయి కాబట్టి తక్కువ స్పీడ్‌లో వోల్టేజ్ పుట్టదు. చార్జింగ్ మొదలవ్వడానికే ఎక్కువ ఆర్‌పీఎం కావాలి. అందుకే రింగ్ రోడ్డు మీద నాకు బ్రహ్మాండంగా అనిపించింది. సిటీలో రోజూ బ్యాటరీ ఖాళీ అవుతూ వచ్చింది. హైవే ఎక్కగానే ఖాళీ బ్యాటరీ ఆబగా లాగింది, ఆల్టర్నేటర్ ఫుల్‌గా ఇచ్చింది, కానీ డయోడ్లు మాత్రం పాతవే, 90 ఆంప్స్‌కి పెట్టినవి. అవి కాలిపోయాయి. దాని తర్వాత నకిరేకల్ దాకా నేను నడిపింది బ్యాటరీ మీద.

రీవైండింగ్ చేసే ప్రతి మేస్త్రీ తప్పు చేస్తాడని నేను అనను. కాలిపోయిన కంపెనీ డైనమోని మళ్లీ కంపెనీ లెక్క ప్రకారమే కట్టి ఇచ్చేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో కళ్లు మూసుకుని పని చేయగలిగేంత ఎక్స్‌పర్ట్‌లు ఉన్నారు. నేను భయపడేది 90 బాడీలో 200 ఇస్తా అనే మాటకి. ఆ బాడీలో ఆ వేడి బయటికి పోవడానికి దారి లేదు.

మరి ఏది కొనాలి? మీరు అమ్మేవాణ్ణి అడగాల్సింది ఒకటే. "అన్నా, వేడెక్కాక, ఐడిల్‌లో ఎన్ని ఆంప్స్ ఇస్తుంది?" జవాబు లేకపోతే, లేదా "అదంతా ఏం చూడక్కర్లేదు తమ్ముడూ, 200 అంటే 200" అంటే, థ్యాంక్స్ చెప్పి బయటికి వచ్చేయండి. మంచి హై అవుట్‌పుట్ ఆల్టర్నేటర్ అమ్మేవాళ్లు ఆ పీస్‌ని టెస్ట్ బెంచ్ మీద తిప్పి, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత ఇచ్చిందో రాసిన కాగితం ఇస్తారు. కంపెనీ ఆల్టర్నేటర్ల మీద కూడా కొన్నిసార్లు 50/90 అని రెండు నంబర్లు గీత పెట్టి ఉంటాయి. మొదటిది తక్కువ స్పీడ్‌ది, రెండోది ఫుల్‌ది. మీరు మొదటి నంబర్ చూసి కొనండి.

రెండో మాట హెయిర్‌పిన్. మామూలు స్టేటర్‌లో గుండ్రటి వైరు చుడతారు, వైర్ల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. హెయిర్‌పిన్ టైపులో చదరంగా ఉండే రాగి కడ్డీలని, ఆడవాళ్ల జడపిన్నులా వంచి, గాడిలో దగ్గరదగ్గరగా దూరుస్తారు. అదే సైజులో ఎక్కువ రాగి పడుతుంది. ఐడిల్‌లో అవుట్‌పుట్ బాగుంటుంది, వేడి కూడా తొందరగా బయటికి పోతుంది. మన తమ్ముడి లెక్కకి నేనైతే 180 నుంచి 220 మధ్య హెయిర్‌పిన్‌ది, ఐడిల్‌లో వేడి మీద కనీసం 100 దాకా ఇస్తానని కాగితం ఉన్నది చూస్తాను. 300, 370 ఆంప్స్ వాటి జోలికి పోను. ఎందుకో చెప్తా.

కరెంటు ఊరికే రాదు, ఇంజన్ నుంచే వస్తుంది. ఆల్టర్నేటర్ ఎఫిషియెన్సీ 60 శాతం అనుకుంటే, 200 ఆంప్స్ 14 వోల్ట్స్, అంటే 2800 వాట్స్ ఇవ్వడానికి ఇంజన్ మీద దాదాపు 4700 వాట్స్ బరువు పడుతుంది. ఆరు హార్స్‌పవర్ పైనే. చిన్న 1.2 లీటర్ పెట్రోల్ ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు దాని మీద ఆ బరువు వేస్తే ఊగిపోతుంది. బెల్ట్ జారి కీచుమంటుంది. బెల్ట్ జారితే మీరు 300 ఆంప్స్‌ది పెట్టినా వచ్చేది 60. అదే బెల్ట్ వాటర్ పంపుని కూడా తిప్పే కార్లు ఉన్నాయి, తెగితే ఇంజన్ వేడెక్కుతుంది. కాబట్టి ఆల్టర్నేటర్ మార్చేటప్పుడు బెల్ట్, టెన్షనర్ కూడా కొత్తవి వేయించండి. దాని దగ్గర పొదుపు చేయొద్దు.

చిన్న పుల్లీ వేస్తే ఐడిల్‌లో ఎక్కువ తిరుగుతుంది కదా అని ఒకరు అడిగారు. కరెక్టే. కానీ పై లెక్క కూడా చూడాలి. చాలా ఆల్టర్నేటర్ల లిమిట్ 18,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల. పెట్రోల్ ఇంజన్‌ని 6500 దాకా లాగి, పుల్లీ రేషియో 3.2 చేస్తే 20,800. బేరింగ్ ఎగిరిపోతుంది. డీజిల్ 5000 దగ్గరే ఆగుతుంది కాబట్టి అదే రేషియోకి 16,000, సర్దుకుంటుంది. ఇంకో తిప్పలు ఏంటంటే డీజిల్ కార్లలో చాలావాటికి ఒకవైపే పట్టుకునే ఫ్రీవీల్ పుల్లీ ఉంటుంది, ఇంజన్ కుదుపుల్ని బెల్ట్‌కి తగలనివ్వదు. దాన్ని తీసి మామూలు పుల్లీ వేస్తే బెల్ట్ దడదడలాడుతుంది.

పెద్ద బండి ఆల్టర్నేటర్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి చిన్న బండికి వేసేవాళ్లు కూడా ఉన్నారు. తప్పు కాదు, నేను కూడా చేశాను. కానీ చెవులు, అంటే బోల్ట్ పట్టే చోట్లు కుదరాలి. పుల్లీ గాడుల లెక్క, పుల్లీ లైను బెల్ట్‌కి కరెక్ట్‌గా రావాలి. నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఉన్నా బెల్ట్ అంచు చీలుతుంది. ఇక్కడ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా, వినండి. కొన్ని పాత డీజిల్ బండ్లలో ఆల్టర్నేటర్ వెనకాల వాక్యూమ్ పంప్ అతికించి ఉంటుంది. దానికి సన్న ఆయిల్ పైపులు కూడా వస్తాయి. ఆ వాక్యూమ్ మీ బ్రేక్ బూస్టర్‌కి వెళ్తుంది. ఆ పంప్ లేని ఆల్టర్నేటర్ వేసి, పైపులు మూసేసి ఇచ్చేస్తే, పాటలు అదిరిపోతాయి, బ్రేక్ మాత్రం రాయిలా గట్టిపడుతుంది. వెనకాల పంప్ ఉందా లేదా చూడకుండా ఎవరినీ చేయి పెట్టనివ్వద్దు.

కొత్త కార్లవాళ్లకి ఇంకో ముడి ఉంది. పాత బండ్లలో వోల్టేజ్ రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉండి తన పని తాను చూసుకునేది. ఇప్పుడు చాలా కార్లలో ఎంత చార్జ్ చేయాలో ఈసీయూ చెప్తుంది. మైలేజ్ కోసం మధ్యమధ్యలో చార్జింగ్ తగ్గించేస్తుంది కూడా. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ కనిపిస్తే మీది ఆ టైపు. మీ ఆంప్ ఎర్త్‌ని నేరుగా ఆ టెర్మినల్‌కి కట్టొద్దు, సెన్సార్‌ని దాటేసి పోతుంది, ఈసీయూ లెక్క తప్పుతుంది. బాడీకి, పెయింట్ గీకి కట్టండి. ఇక మైల్డ్ హైబ్రిడ్ కార్లలో ఉండే స్టార్టర్-జనరేటర్‌ని మార్చే ఆలోచనే పెట్టుకోవద్దు. అది ఇంజన్‌ని స్టార్ట్ కూడా చేస్తుంది. వారంటీలో ఉన్న కారు వైరింగ్ కత్తిరించే ముందు ఇంట్లో ఒకసారి అడగండి, ఈఎంఐ కట్టేది ఎవరో.

ఇంత చెప్పాక మీరు షాక్ అవ్వొద్దు. తమ్ముడికి నా మొదటి సలహా ఆల్టర్నేటర్ కొనమని కాదు. ముందు కొలవమని. మల్టీమీటర్ కొనండి, సబ్ ఊఫర్ గ్రిల్ రేటు కన్నా తక్కువ. దొరికితే క్లాంప్ మీటర్ తీసుకోండి, కానీ దాని మీద డీసీ ఆంప్స్ కొలుస్తుంది అని రాసి ఉందో లేదో చూడండి. చాలా చీప్ క్లాంప్‌లు ఇంటి కరెంటు మాత్రమే కొలుస్తాయి, కారు మీద సున్నా చూపిస్తాయి. నేను మొదట అలాంటిదే కొని మీటర్ పాడైందని షాపులో గొడవపడ్డాను.

ఇంజన్‌ని ఇరవై నిమిషాలు తిప్పి వేడెక్కించండి. ఐడిల్‌లో ఉంచి ఏసీ, హెడ్‌లైట్లు ఆన్ చేయండి. పాటలు వద్దు. బ్యాటరీ మీద వోల్టేజ్ చూడండి. 13.5 పైన ఉంటే ఆల్టర్నేటర్‌లో ఇంకా ఊపిరి ఉంది. పాటలు లేకుండానే 13 కిందకి వస్తే దానికి కారు మోయడమే కష్టంగా ఉంది. తర్వాత పాట పెట్టి, మీటర్ ఒక వైరు ఆల్టర్నేటర్ వెనక లావు బోల్ట్ మీద, ఇంకోటి బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. ఫ్యాన్‌కి, బెల్ట్‌కి చేయి తగలకుండా జాగ్రత్త. 0.2 వోల్ట్ కన్నా ఎక్కువ చూపిస్తే మీ సమస్య ఆల్టర్నేటర్ కాకపోవచ్చు, మధ్యలో వైరు సన్నగా ఉంది. కంపెనీ వైరు కంపెనీ లెక్కకే వేసి ఉంటుంది.

అందుకే మొదట మూడు వైర్లు మార్చండి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ పాజిటివ్. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీ. ఇంజన్ నుంచి బాడీ. మధ్యది మార్చేటప్పుడు పాత సెన్సార్ వైరు తీయకుండా పక్కన కొత్తది కలపండి, కొత్త వైరు బ్యాటరీ పోల్‌కి కాకుండా సెన్సార్ అవతలి వైపుకి. 50 స్క్వేర్ ఎంఎం అసలు రాగి వైరు. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు కూడా అదే మందంలో, అదే రంగులో అమ్ముతారు. అల్యూమినియం రాగిలో 60 శాతమే కరెంటు మోస్తుంది. చివర కొంచెం గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు. ఇనుప సామాన్ల షాపులో రాగి వెల్డింగ్ కేబుల్ దొరికితే బంగారం. మెత్తగా వంగుతుంది, చవక. బ్యాటరీ నుంచి డిక్కీకి పోయే వైరుకి మాత్రం బ్యాటరీకి జానెడు, మూరెడు లోపే ఫ్యూజ్ ఉండాలి. ఆ వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజ్ లేకపోతే కారు తగలబడుతుంది. ఇందులో నేను జోక్ చేయట్లేదు.

తర్వాత మంచి ఏజీఎం బ్యాటరీ. ఈ రెండూ చేశాక 800, 1000 వాట్స్ క్లాస్ డి వరకు నా చేతి మీద పోయిన కార్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ మార్చే అవసరమే రాలేదు. 1500 పైన, రోజూ గట్టిగా వినేవాళ్లకి మార్చక తప్పదు. మార్చకుండా అలాగే వింటే ఏమవుతుంది? రెగ్యులేటెడ్ కాని ఆంప్‌కి 14.4 నుంచి 12 వోల్ట్స్‌కి పడితే పవర్ దాదాపు 30 శాతం పోతుంది. మీరు వాల్యూమ్ ఇంకా పెంచుతారు, ఆంప్ క్లిప్ అవుతుంది, సబ్ కాయిల్ వాసన వస్తుంది. ఆ వాసన మనలో చాలామందికి పరిచయమే.

ఒక చిన్న హెచ్చరిక. ఆల్టర్నేటర్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. పాత జీపులకి చెల్లింది. ఇప్పుడు అలా పీకితే ఒక్కసారిగా పదుల వోల్ట్స్ ఎగిసి ఈసీయూ, ఆంప్, అన్నీ పోవచ్చు. చేయి పట్టుకుని ఆపండి. మర్యాదగానే, కానీ ఆపండి. అలాగే బ్యాటరీ పూర్తిగా డెడ్ అయితే తోసి స్టార్ట్ చేసి ఆల్టర్నేటర్‌తో నింపొద్దు. బయట చార్జర్ పెట్టండి. ఖాళీ బ్యాటరీని నింపే పనిలో నా డయోడ్లు ఎలా పోయాయో చెప్పాను కదా.

సో కరీంనగర్ తమ్ముడూ, నీ జవాబు ఇదీ. కెపాసిటర్ డబ్బులు పక్కన పెట్టు. ఫ్రెండ్ చెప్పిన సగం రేటు 200 ఆంప్స్‌ది వద్దు. ఈ ఆదివారం మూడు వైర్లు, ఫ్యూజ్. వచ్చే నెల ఏజీఎం. ఆ తర్వాత మళ్లీ కొలువు. అప్పటికీ పాట పెట్టినప్పుడు 13 కిందకి పడుతుంటే, కాగితం ఉన్న ఆల్టర్నేటర్, దాంతో పాటు కొత్త బెల్ట్. ఈలోపు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సబ్ కొంచెం తగ్గించు. పక్క బండి పెద్దాయన కూడా సంతోషిస్తాడు.

నా హ్యాచ్‌బ్యాక్ అమ్మేశాను. ఇప్పుడున్న కార్లో డాష్‌బోర్డ్ మీద చిన్న వోల్ట్ మీటర్ ఉంది, నాన్నే బిగించమన్నారు. కారెక్కగానే ముందు దాన్నే చూస్తారు. మొన్న విజయవాడ వెళ్తుంటే నకిరేకల్ దగ్గర, "ఎంతుందిరా?" అన్నారు. 14.2 నాన్నా, అన్నాను. "అయితే ఆ పాట పెట్టు" అన్నారు.

మీ కార్ల నంబర్లు నాకు పంపండి. ఐడిల్‌లో, వేడి మీద, పాట లేకుండా ఒకటి, పాటతో ఒకటి. కారు మోడల్, ఆంప్ వాట్స్ రాయడం మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో నాలుగైదు తీసుకుని లెక్క వేద్దాం. ఉంటా మరి, బై.